కంప్యూటరునకు మన సంఘపు పని చెప్పుట ఎట్లు?

సహకార సంఘపు గడప యెక్కిన రైతు ఈ కాలమున తఱచుగా వినుచున్న మాట యొకటి కలదు: "మీ వివరములను కంప్యూటరు తీసుకొనుట లేదు." ఈ మాట విన్నంతనే రైతు తన కాగితములలో ఏదియో లోపము కలదని తలచి వెనుకకు మఱలిపోవును. గుమాస్తాయు తన చేతిలో నేమియు లేదని ఊరకుండును. విచారించి చూచినచో, అనేక పర్యాయములు లోపము రైతు కాగితములలోను లేదు, గుమాస్తా యందును లేదు. ఆ రైతునకు వచ్చిన చిక్కువంటిది యొకటి లోకములో నుండునని ఆ యంత్రమునకు ముందుగా నెవరును చెప్పియుండలేదు. చెప్పని పనిని యంత్రము చేయనేరదు.

ఏ విత్తు నాటిన ఆ మొక్కయే మొలచును. కంప్యూటరు సంగతియు నట్టిదే. దానిని నడపు ఆజ్ఞల సమూహమునకు సాఫ్ట్‌వేర్ అని పేరు. ఆ ఆజ్ఞలను వ్రాయు ఇంజనీర్లు తమ విద్యలో ప్రవీణులే. కాని మడకశిర ప్రాంతమున వేరుసెనగ విత్తిన పిమ్మట నెలదినములు చినుకు రాలకున్న రైతు ఏ వాకిట నిలుచునో, పట్టా తండ్రి పేరను సాగు కొడుకు పేరను ఉన్న కుటుంబము ఏమి యిక్కట్లు పడునో, వారికి మనము చెప్పిననేగాని తెలియదు. ఆ చెప్పుటకు నేడు లోకమంతటను వాడుకలో నున్న రెండు పద్ధతులను సభ్యులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇందు గణితము లేదు, యంత్రశాస్త్రము లేదు. కాగితము, పెన్సిలు, ఓపిక యున్న చాలును.

ఈ విషయము మన కెందుకు?

2022 వ సంవత్సరము జూన్ 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల అంచనాతో నొక పథకమును ఆమోదించినది. సంఘముల కన్నింటికిని ఉమ్మడి సాఫ్ట్‌వేర్ సిద్ధము చేయించు బాధ్యతను నాబార్డునకు అప్పగించినది. ఈ పథకములో రైతులు గుర్తుంచుకొనదగిన మాటలు రెండు కలవు. సాఫ్ట్‌వేర్ స్థానిక భాషలో నుండవలెననునది మొదటిది. ఆయా రాష్ట్రముల అవసరములను బట్టి దానిని మార్చుకొనుటకు వీలుండవలెననునది రెండవది. దాదాపు 200 సంఘముల కొక సముదాయము చొప్పున జిల్లా స్థాయిలో సహాయము చేయువారుందురనియు అందు చెప్పబడినది.

మార్చుటకు వీలున్నదనిన మాత్రమున దానంతటది మారదు. ఏది మార్చవలెనో అడిగినవారికే మారును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనవారి సామెత. అడుగుటయు "మాకు కష్టముగా నున్నది" అని మొరపెట్టుకొనుట కారాదు. ఏ పనిలో, ఎన్నవ మెట్టు వద్ద, ఎవరికి, ఏమి అడ్డు వచ్చుచున్నదో వ్రాసి యిచ్చినచో ఇంజనీరు దానిని త్రోసివేయజాలడు.

మొదటి పద్ధతి: పని నడక పటము

ఒక పని ఆరంభమునుండి ముగింపువరకు ఎవరెవరి చేతులలో ఏ వరుసన నడచునో చూపు పటమును ఇంజనీర్లు బిజినెస్ ప్రాసెస్ మోడల్ అందురు. మనము దీనిని పని నడక పటము అనుకొందము. పనిని బొమ్మగా గీయుట క్రొత్త సంగతి గాదు. అమెరికా దేశమున తాపీపనిలో ప్రవేశించి పని మెలకువలను పరిశీలించిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ గిల్‌బ్రెత్, 1921 లోనే ఇట్టి పటములను అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారి యెదుట ఉంచిరి. నేడు వాడుకలో నున్న గుర్తులకు బి.పి.ఎం.ఎన్. అని పేరు. అవి 2004 లో వెలువడి, 2013 లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినవి.

పటము గీయు విధము సులభము. కాగితమును అడ్డముగా పట్టెలుగా విభజింపుడు. పొలములో గట్లు వేసి మళ్లు చేసినట్లే, ఒక్కొక్కరి కొక్క పట్టె. పంట ఋణము విషయమున సభ్యుని కొకటి, సంఘపు గుమాస్తా కొకటి, కార్యదర్శి కొకటి, జిల్లా కేంద్ర సహకార బ్యాంకున కొకటి. పని మొదలగు చోట చిన్న సున్న. ప్రతి పనికిని మూలలు గుండ్రనైన పెట్టె. పెట్టెనుండి పెట్టెకు బాణము. రెండు దారులు చీలు చోట వజ్రాకారపు గుర్తు. ముగియు చోట లావు గీతతో సున్న.

ఆ వజ్రాకారపు గుర్తు మనము నీరు కట్టునపుడు త్రిప్పు మడవ వంటిది. మడవను ఇటు త్రిప్పిన నీరు ఈ మడికి పోవును. అటు త్రిప్పిన ఆ మడికి పోవును. "పాత బాకీ యున్నదా?" అను ప్రశ్న వద్ద పని రెండుగా చీలును. లేనివానిది ముందుకు సాగును. ఉన్నవానిది ఎటు పోవలెను? అటువైపు కాలువ త్రవ్వకయే మడవ పెట్టినచో నీరు గట్టు తెగి వృథాయగును. పటములో బాణము లేని చీలిక అట్టిదే.

పటము పూర్తియైన పిదప ప్రతి బాణము మీదను ఎన్ని దినములు పట్టుచున్నవో వ్రాయుడు. పనికి పట్టు కాలము వేఱు. కాగితము బల్లమీద నిద్రించు కాలము వేఱు. గుమాస్తా పని పావుగంటలో ముగిసినను, ఒకే అడంగల్ నకలును మూడు బల్లల వద్ద మూడుమార్లు అడుగుటవలన వారము గడచుట కలదు. ఈ సంగతి నోటిమాటలో దాగియుండును, పటములో దాగదు. మన ప్రాంతపు మెట్టసాగునకు కాలమే ప్రాణము. వేరుసెనగకు తగిన పదును దొరకిన నాలుగు దినములలో విత్తనము చేతికి రావలెను. ఋణము పదును ఆరిన పిమ్మట వచ్చినచో రైతు అంతకు ముందే వడ్డీవ్యాపారి వాకిట నిలిచియుండును.

రెండు పటములు గీయవలెనని గుర్తుంచుకొనుడు. ఇప్పుడు పని నడచుచున్న తీరు మొదటిది. ఇకమీద నడువవలసిన తీరు రెండవది. మొదటిదానినే యథాతథముగా కంప్యూటరులోనికి ఎక్కించినచో పాత ఆలస్యమే క్రొత్త పెట్టెలో చేరును. మొదటిది గీయకయే రెండవది గీసినచో, ఇప్పుడు గుమాస్తా తన తెలివితో సర్దుబాటు చేయుచున్న సంగతులన్నియు జారిపోవును.

రెండవ పద్ధతి: యూజ్ కేస్

పటము పని మొత్తమును చూపును. అందు కంప్యూటరు తాకని పనులును ఉండును. ఒక మనుష్యుడు ఒక అవసరముతో వచ్చి, కంప్యూటరు వలన ఆ అవసరమును తీర్చుకొని పోవువరకు జరుగు సంభాషణను మాత్రము వేఱుగా వ్రాయుటకు యూజ్ కేస్ అని పేరు. వినియోగ సందర్భము అనవచ్చును. స్వీడను దేశమున ఎరిక్సన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఐవార్ యాకబ్సన్ అను ఇంజనీరు ఈ పద్ధతిని రూపొందించి 1987 లో లోకమునకు వెల్లడించెను. 1992 లో దీనిపై గ్రంథము ప్రకటించెను.

ఇందు మొదట తేల్చుకొనవలసినది పాత్ర. పాత్ర వేఱు, మనిషి వేఱు. వీథినాటకములో ఒకే నటుడు ఒకరాత్రి ధర్మరాజు, మఱురాత్రి దుర్యోధనుడు కావచ్చును. అట్లే ఒకే రైతు సంఘమున ఒకనాడు ఋణము కోరువాడు, ఒకనాడు ఇంకొకరికి హామీదారు, ఒకనాడు పాలకవర్గ సభ్యుడు. హామీదారుగా వచ్చినవానికి ఏమి చూపవలెనో, ఏమి చూపరాదో వేఱుగా వ్రాసినగాని యంత్రమునకు తెలియదు.

రెండవది గమ్యము. ఒకరు, ఒకచోట, ఒక కూర్చున్న పట్టున ముగించుకొని తృప్తితో లేచిపోదగిన పనియే ఒక యూజ్ కేస్ అగును. "పంట ఋణము" అనునది మిక్కిలి పెద్దది, పలుదినముల పని. "వేలిముద్ర వేయుట" మిక్కిలి చిన్నది. అందుకై యెవరును సంఘమునకు రారు. "పంట ఋణమునకు దరఖాస్తు నమోదు చేయుట" తగిన కొలత.

వ్రాసి చూపుట

ముఖ్య పాత్ర: సభ్యుడు. సభ్యుని పక్షమున కంప్యూటరు నడుపువాడు: గుమాస్తా.
పూర్వస్థితి: సభ్యునకు సంఘములో సభ్యత్వ సంఖ్య కలదు.
ఫలితము: దరఖాస్తు కేంద్ర బ్యాంకునకు చేరినది, తేదీ గల రసీదు సభ్యుని చేతికి వచ్చినది.

1. గుమాస్తా సభ్యత్వ సంఖ్యను కంప్యూటరునకు ఇచ్చును.
2. కంప్యూటరు సభ్యుని పేరును, వాటా ధనమును, పాత బాకీని చూపును.
3. సభ్యుడు వేలిముద్ర వేసి, తానే ఆ సభ్యుడనని నిరూపించుకొనును.
4. గుమాస్తా సర్వే నంబరును, పంటను, విస్తీర్ణమును చేర్చును.
5. కంప్యూటరు వానిని భూమి రికార్డుతో సరిచూచును.
6. కంప్యూటరు ఆ పంటకు ఎకరము చొప్పున నిర్ణయమైన పరిమితిని బట్టి ఋణపు మొత్తమును చూపును.
7. సభ్యుడు ఆ మొత్తమునకు సమ్మతించును.
8. కంప్యూటరు దరఖాస్తును కేంద్ర బ్యాంకునకు పంపి రసీదు ముద్రించును.

ఇది రాజమార్గము. అన్నియు సవ్యముగా నున్న సంవత్సరమున, అన్ని కాగితములును సక్రమముగా నున్న సభ్యుని సంగతి ఇది. దీనిని ఎవరైనను వ్రాయగలరు. మనము లేకున్నను ఇంజనీరు వ్రాసికొనగలడు.

ప్రక్కదారులే ప్రాణము

ఇప్పుడు ప్రతి మెట్టు వద్దను నిలిచి "ఇట్లు కాకున్న?" అని అడుగవలెను. వచ్చిన జవాబును ఆ మెట్టు సంఖ్యతోనే వ్రాయవలెను. మన ప్రాంతమునకు తగినవి కొన్ని చూపుచున్నాము.

2అ. వాటా ధనము చాలలేదు. కంప్యూటరు ఎంత తక్కువయో చూపవలెను. సభ్యుడు అక్కడనే చెల్లించినచో 3 వ మెట్టునకు పోవలెను. మొదటినుండి మరల ఆరంభింపజేయరాదు.

3అ. వేలిముద్ర పడలేదు. రాళ్లు కొట్టినవారికిని, ఏండ్లతరబడి కలుపు తీసి కాయ పెఱికినవారికిని, వృద్ధులకును వ్రేళ్ల గీతలు అరిగిపోవును. వారికి కంటిపాపతో గాని, ఫోనునకు వచ్చు అంకెతో గాని నిరూపించుకొను దారి యుండవలెను. రెండును కానిచో కార్యదర్శి యెదుట ఏ సాక్ష్యముతో పని జరుగునో వ్రాయవలెను.

4అ. సాగు చేయువాడు కౌలురైతు. 2019 లో ఆంధ్రప్రదేశమున చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలల కాలమునకు సాగుదారు హక్కు పత్రము నిత్తురు. అట్టివానిని కంప్యూటరు పట్టాదారు పాసుపుస్తకము సంఖ్య అడిగినచో పని అక్కడనే ఆగిపోవును. హక్కు పత్రపు సంఖ్యకు వేఱు స్థానము కావలెను.

5అ. పట్టా మరణించిన తండ్రి పేర నున్నది. ఇది అరుదైన సంగతి కాదు. ఈ స్థితిలో ఋణ మిచ్చుట సాధ్యము కాదన్న నిర్ణయమైనను కావచ్చును. అట్లైనను "తీసుకొనుట లేదు" అని ఊరకుండుట చాలదు. కారణమేమో, వారసత్వపు మార్పు కొఱకు ఏ కార్యాలయమునకు పోవలెనో, ఏ కాగితము తేవలెనో కంప్యూటరు ముద్రించి యియ్యవలెను. నిరాకరణయు నొక దారియే, దానికిని గమ్యముండవలెను.

5ఆ. భూమి సరిహద్దున కావల నున్నది. మడకశిర, అమరాపురము, అగళి, రొళ్ల, గుడిబండ మండలములు కర్ణాటకములోనికి చొచ్చుకొని యున్నవి. ఇల్లు ఇక్కడ, చేను శిరా తాలూకాలో గల కుటుంబములుండుట సహజము. అక్కడి రికార్డునకు పహణి అని పేరు. అది వేఱు రాష్ట్రపు పట్టికలో నుండును. అట్టి భూమి సంఘపు పరిధిలోనికి వచ్చునా, రాదా యనునది బైలాలను చూచి పాలకవర్గము తేల్చవలెను. ఏది తేల్చినను వ్రాసి యుండవలెను.

ఏ మెట్టు వద్దనైనను: విద్యుత్తు పోయినది, లేక నెట్‌వర్క్ తెగినది. అంతవరకు వ్రాసినది నిలిచియుండవలెను. సభ్యుని చేతికి కాగితపు రసీదు ఇచ్చి, ఆ తేదీనే దరఖాస్తు తేదీగా నమోదు చేయు వీలుండవలెను.

ఈ తేదీ సంగతి చిన్నదిగా దోచవచ్చును. ఋణము తీర్చు సందర్భమున దాని బరువు తెలియును. 2025-26 సంవత్సరమునకు కేంద్రపు వడ్డీ రాయితీ పథకము క్రింద స్వల్పకాలిక పంట ఋణమునకు 7 శాతము వడ్డీయు, గడువు లోపల తీర్చినవారికి 3 శాతము తగ్గింపుతో 4 శాతము వడ్డీయు నిర్ణయింపబడినవి. లక్ష రూపాయల ఋణమునకు ఏడాదికి మొదటి లెక్కను 7,000 రూపాయలు, రెండవ లెక్కను 4,000 రూపాయలు. సభ్యుడు గడువు దినమున డబ్బు తెచ్చి కట్టెననుకొందము. ఆ మధ్యాహ్నము విద్యుత్తు లేక గుమాస్తా మఱునాడు నమోదు చేసెను. కంప్యూటరులో ఒకే తేదీకి స్థానమున్నచో ఆ సభ్యుడు గడువు దాటినవాడగును. 3,000 రూపాయలు పోవును. డబ్బు ముట్టిన తేదీ యొకటి, నమోదు చేసిన తేదీ యొకటి, రెండింటికిని స్థానమున్నచో అతని హక్కు నిలుచును. ఈ భేదమును యంత్రము తానై కనిపెట్టదు. "డబ్బు నేడు ముట్టి, నమోదు రేపు జరిగిన?" అని ఎవరైన ఒకరు అడిగియుండవలెను.

కరవు సంవత్సరపు సంగతియు నట్టిదే. 2023 ఖరీఫులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 103 మండలములను కరవు మండలములుగా ప్రకటించినది. శ్రీ సత్యసాయి జిల్లా మండలములును అందులో నుండెను. రిజర్వు బ్యాంకు 2018 లో ప్రకటించిన ఆదేశములలో, పంట నష్టము 33 శాతమునుండి 50 శాతమువరకు నున్నచో రెండు సంవత్సరములు మించకుండను, 50 శాతము మించినచో అయిదు సంవత్సరములు మించకుండను గడువు పొడిగింపవచ్చునని చెప్పబడినది. అనగా కరవు ప్రకటన వెలువడిన నాడు వందలాది ఖాతాల గడువు ఒక్కసారిగా మారవలసివచ్చును. ఈ దారిని ముందుగా వ్రాయకున్నచో, ప్రభుత్వ ప్రకటన పత్రికలో నుండును. సభ్యుని పేరు బాకీదారుల పట్టికలో నుండును. మన వంటి సీమలో కరవు అరుదుగా వచ్చు విశేషము కాదు. దూరదేశపు ఇంజనీరు దానిని ప్రక్కదారిగా తలచినను, మనకు అది రాజమార్గమంత ముఖ్యము.

వ్రాతలో దొర్లు దోషములు

మొదటిది, కర్తను దాచుట. "భూమి వివరములు సరిచూడబడును" అని కార్యాలయములవారు వ్రాయుచుందురు. ఎవరు సరిచూతురు? గుమాస్తాయా, కంప్యూటరా, కేంద్ర బ్యాంకా? ఈ "బడును" అను చోటనే బాధ్యత జారిపోవును. ప్రతి వాక్యమునకును కర్త నుంచి వ్రాయుడు.

రెండవది, తెర మీది బొత్తాములను వర్ణించుట. "ఎఱ్ఱ బొత్తాము నొక్కవలెను" అని వ్రాసినచో, బొత్తాము రంగు మారిననాడు వ్రాత చెడును. సభ్యునకు ఏమి కావలెనో వ్రాయుడు. బొత్తాముల సంగతి ఇంజనీరునకు విడువుడు.

మూడవది, పెద్దల మాటనే వ్రాసికొనుట. కార్యదర్శి చెప్పునది నియమము. గుమాస్తా చెప్పునది వాడుక. సభ్యుడు చెప్పునది అనుభవము. ముగ్గురి మాటలును ఒకటైన చోట అనుమానము లేదు. వేఱైన చోటనే మనము వెదకుచున్న లోపము కలదు.

సభ్యులు చేయదగినది

రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు ప్రతి సంఘమును అయిదు పనులను ఎన్నుకొనవచ్చును: సభ్యుని చేర్చుకొనుట, ఋణ దరఖాస్తు, ఋణము తీర్చుట, ఎఱువుల అమ్మకము, మరణించిన సభ్యుని ఖాతా వారసులకు మార్చుట. ఒక్కొక్క పనికి నలుగురు కూర్చుండుడు. అందొకరు గుమాస్తా కావలెను. ఒకరు ఆ పనిలో ఇబ్బంది పడిన సభ్యుడు కావలెను. ఒకరు స్త్రీ సభ్యురాలైన మఱియు మంచిది. రాజమార్గమును పది మెట్లకు మించకుండ వ్రాయుడు. పిదప ప్రతి మెట్టు వద్దను "ఇట్లు కాకున్న?" అని అడుగుడు.

వ్రాసినదానిని సమావేశములో బిగ్గరగా చదువుడు. చదువురాని సభ్యుడు విని "నా సంగతి ఇందులో లేదు" అని చెప్పగలిగినచో ఆ వ్రాత పనికివచ్చినట్లే. కన్నడము మాటలాడు సభ్యులున్న గ్రామములలో ఆ భాషలోను చెప్పుడు. అందఱును ఒప్పుకొనిన ప్రతిపై అధ్యక్షుని సంతకముంచి, ఒకటి సంఘములో నుంచి, ఒకటి కేంద్ర బ్యాంకునకును, ఒకటి కంప్యూటరు సహాయకులకును పంపుడు. క్రొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిననాడు, లేక ఉన్నదానిని సవరించిననాడు, ఈ ప్రతినే చేతబట్టుకొని మెట్టు మెట్టుగా పరీక్షింపుడు. పంపిన దారులలో ఏది లేదో అప్పుడే తేలును.

కాగితము మీది తప్పును రబ్బరుతో చెఱిపివేయవచ్చును. యంత్రములోనికి ఎక్కిన తప్పును దిద్దించుటకు అర్జీలు, నెలలు, ఒక్కొకప్పుడు ఒక పంటకాలము పట్టును. కావున సభ్యులెల్లరును పెన్సిలు పట్టుటకు వెనుదీయక, తమ పనిని తామే వ్రాసి తెలుపవలెనని కోరుచున్నాము. అట్లు వ్రాసిన సంఘములు తమ ప్రతులను ఈ పత్రికకు పంపినచో, ఇతర సంఘములకు మార్గదర్శకముగా నుండునట్టివానిని మేము సంతోషముతో ప్రకటింతుము.